సంచిపై అచ్చు నిలుచుటెట్లు?

మన పొరుగుననున్న తాండూరు కందికి 2022వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపు లభించినది. నాటినుండి ఆ పేరే సరకునకు వెల తెచ్చుచున్నది. కాని పేరు సంచిపై నిలువవలదా? ప్లాస్టికు సంచిమీది అచ్చును బొటనవ్రేలితో రుద్దగానే రాలిపోవుట మీరు చూచియే యుందురు. సిరా మంచిది కాదని అచ్చువానిని నిందింతుము. తప్పు తరచుగా సిరాది గాదు, సంచి పైపొరది.

పాలిథీన్, పాలీప్రొపిలీన్ అనునవి కర్బనము, ఉదజని మాత్రమే గలవి, మైనము జాతివి. తామరాకుపై నీటిబొట్టువలె సిరా వీనిపై గుండ్రముగా నిలుచును గాని పరచుకొనదు. పరచుకొననిది పట్టుకొనదు.

దీనికి మందు గాలిలోనే యున్నది. ఒక లోహపు పట్టీకిని, దాని యెదుట తిరుగు రోలరునకును నడుమ వేలకొలది వోల్టుల విద్యుత్తును ప్రయోగింతురు. నడిమి గాలి విచ్ఛిన్నమై ఊదారంగున వెలుగును. ఈ స్థితికి ప్లాస్మా యని పేరు. ఆకాశపు మెరుపును నట్టిదియే. మనము పీల్చు గాలి పీడనమే చాలును, శూన్యపు పెట్టెతో పనిలేదు. కావుననే యిది చౌకగా సాగుచున్నది. ఆ వెలుగుగుండ సాగిపోవు ప్లాస్టికు పొరకు ప్రాణవాయువు పరమాణువులు అంటుకొనును. సిరా వానిని పట్టుకొని నిలుచును. మార్పు లోతు మిల్లీమీటరులో లక్షవ వంతు మాత్రమే. సంచి బలము తగ్గదు. కార్ఖానాలవారు దీనిని కరోనా యందురు. 2020లో మనలను పీడించిన వ్యాధితో దీనికి పేరు తప్ప పొత్తు లేదు. గుజరాతులోని గాంధీనగరు ప్లాస్మా పరిశోధన సంస్థవారు ఇట్టి పద్ధతినే అంగోరా ఉన్నికి ప్రయోగించి, జారిపోవు నా నూలును వడకుటకు అనువు పరచిరి.

అయితే ఈ గుణము శాశ్వతము గాదు. ప్లాస్టికులో కలిపిన జారుడు పదార్థములు వారములు గడచుకొలది పైకి వచ్చి దానిని కప్పివేయును. కావున అచ్చు వేయకముందు పొర యెన్నాళ్లు నిలువయున్నదో సంఘము అడిగి తెలిసికొనవలయును. అచ్చులేని చోట నీటిచుక్క వేసి చూడుడు: గుండ్రముగా నిలిచిన పొర పనికిరాదు. ఆరిన అచ్చుపై అంటుపట్టీ నతికించి చటుక్కున లాగుడు. సిరా దానితో వచ్చినచో సరకు త్రిప్పి పంపుడు. సంచి మూతిని వేడితో నతికింతురేని, ఈ ప్రక్రియ వెలుపలి ముఖమునకే జరుగవలయును. లోపలికి సోకిన అతుకు చెడవచ్చును.

ఇట్టి సంచిలో కందికి పురుగు పట్టదని యెవరైన చెప్పిన నమ్మవలదు. ఈ మార్పు సిరాకొరకే. పుచ్చు తప్పవలెనన్న గింజను బాగుగ నెండబెట్టియే సంచి కెత్తవలయును.