కైకిలి బండికి డీజిల్ ఎక్కడ అందడం లేదు?

కోరుట్ల, మెట్‌పల్లి పల్లెల్లో పసుపు తవ్వకం మొదలైందంటే తెల్లవారకముందే పికప్ బండ్లు కూడళ్ల దగ్గర నిలబడతాయి. వాటిలో కొత్తవి తక్కువ. పట్నంలో పదేళ్లో, పదిహేనేళ్లో సరుకు మోసి అలిసిపోయిన బండ్లే చివరికి కైకిలి వాళ్లను మోయడానికి వస్తాయి. సద్ది గిన్నె పట్టుకొని ఎక్కే అక్కలకు వీటి తీరు బాగా తెలుసు. కొంతదూరం మంచిగనే పోతది, మిస్ కొడతది, గుంజదు, ఆగుతది. పావుగంట ఊరుకుంటే ఏమీ కానట్టు మళ్లీ స్టార్టు అవుతది. మెకానిక్ దగ్గరికి తోలుకుపోతే అక్కడ చక్కగా నడుస్తుంది. ఆయన "దీనికేమైంది, మంచిగనే ఉంది గదా" అంటాడు. లేకుంటే "పంపు పోయింది" అంటాడు.

ఈ రెండు మాటల నడుమ నష్టపోతున్నది ఎవరు? బండి గంట ఆలస్యమైతే ఆసామి పూట కూలి కోస్తాడు. డీజిల్ తక్కువ పోశావని బండి యజమాని డ్రైవరు బత్తెం కోస్తాడు. పంపు విప్పించిన ఖర్చు రాబట్టడానికి మనిషికి ఇంత అని కిరాయి పెంచుతాడు. ఎక్కడో ఒక రబ్బరు పైపు పగిలితే ఆ పగులు వచ్చి కూలి డబ్బుల్లో పడుతున్నది. అందుకే ఇది మెకానిక్కుల వ్యవహారం, మనకెందుకు అని ఊరుకోవడానికి వీల్లేదని మేము అంటున్నాము. పాతకాలపు డీజిల్ ఇంజనులో ఇంధనం ఏ దారిన పోతుందో తెలిస్తే, చాలాసార్లు పెద్ద ఖర్చు లేకుండానే జబ్బు పట్టుకోవచ్చు.

దారి ఇది. ట్యాంకులో జాలీ ఉంటుంది. అక్కడినుంచి పైపు ఫీడ్ పంపుకు వస్తుంది. ఫీడ్ పంపు డీజిల్‌ను గుంజి ఫిల్టరుకు నెడుతుంది. ఫిల్టరు చెత్తను, నీళ్లను ఆపి పెద్ద పంపుకు పంపుతుంది. పెద్ద పంపు కొలత ప్రకారం నాజిళ్లకు కొడుతుంది. మిగిలింది రిటర్ను పైపులో తిరిగి ట్యాంకుకు పోతుంది. ట్యాంకునుంచి ఫీడ్ పంపు దాకా ఉన్నది గుంజే పైపు, ఆ తరువాత ఉన్నది నెట్టే పైపు. ఈ తేడా గుర్తుంటే సగం పని అయినట్టే.

బాయి మోటారు చూడని కూలి మన దగ్గర లేడు. నీళ్లు ఎక్కే పైపుకు పగులుంటే ఏమవుతుంది? నీళ్లు బయటికి కారవు, గాలి లోపలికి పోతుంది. మోటారు తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు మాత్రం పడవు. ఫుట్‌వాల్వు సరిగా మూసుకోకపోతే రాత్రికి రాత్రి పైపులో నీళ్లు దిగిపోతాయి, పొద్దున మళ్లీ నీళ్లు నింపాలి. బండిలోనూ ఇదే కథ. నెట్టే పైపు కారితే కింద డీజిల్ చుక్కలు కనబడతాయి, ఎవరైనా చూస్తారు. గుంజే పైపు పగిలితే చుక్క కూడా కారకపోవచ్చు. అందుకే "లీకేజీ లేదు" అని మెకానిక్ ఒట్టేసి చెప్పినా అక్కడ గాలి పడుతూ ఉండవచ్చు. రాత్రంతా నిలబెట్టిన బండి పొద్దున ఒకసారి స్టార్టయి వెంటనే ఆగిపోతే, చేతిపంపు కొట్టినాక గాని నడవకపోతే, మొదటి అనుమానం ఈ గాలి మీదనే పెట్టాలి.

చూసే పద్ధతి కూడా కష్టమైనది కాదు. ఫిల్టరు నెత్తిమీద గాలి తీసే స్క్రూ ఉంటుంది. దాన్ని కొంచెం వదులు చేసి చేతిపంపు కొట్టాలి. బుడగలు వచ్చి వచ్చి ఆగిపోయి నిండు డీజిల్ వస్తే మంచిదే. మరునాడు మళ్లీ బుడగలే వస్తే ఎక్కడో గాలి గుంజుతున్నట్టు. రబ్బరు పైపుల చివరలు, క్లిప్పులు, రాగి వాషర్లు, ఫిల్టరు కింది రబ్బరు రింగు వరుసగా చూడాలి. విప్పిన రాగి వాషరునే మళ్లీ మళ్లీ బిగించడం మన దగ్గర అలవాటు. దానివల్ల వచ్చిన గాలికి పంపును నిందించడం కూడా అలవాటే.

ఎప్పుడు ఆగింది అని అడగండి. ఇక్కడ డ్రైవరుకంటే వెనుక కూర్చున్న వాళ్లే ఎక్కువ చెప్పగలరు. దారిపొడుగునా రోజూ గమనించేది వాళ్లే. అరగంట నడిచి మెల్లగా చచ్చినట్టయి ఆగి, కాసేపటికి లేస్తే, ట్యాంకు మూత వదులు చేసి చూడండి. సుయ్‌మని గాలి లోపలికి పోయిందా? మూతకున్న గాలిరంధ్రం దుమ్ముతో పూడిపోయింది. డీజిల్ దిగిన జాగలోకి గాలి రాకపోతే పంపు ఎంత గుంజినా రాదు. మూత కడిగితే పోయే జబ్బు ఇది. (మూత పారేసి గుడ్డపేగు కుక్కేవాళ్లున్నారు. అది మట్టికి దారి చేసిపెట్టడమే.) మూత తీసినా మారకపోతే ట్యాంకు అడుగున తుప్పు, మడ్డి చేరి జాలీకి అతుక్కుంటూ ఉండవచ్చు. ఇంజను ఆగగానే ఆ మడ్డి జారిపోతుంది, అందుకే మళ్లీ స్టార్టవుతుంది. ట్యాంకు ఎప్పుడూ అడుగంటా నడిపే బండ్లకు ఇది ఎక్కువ.

ఉత్త బండి బాగా పోయి, మనుషులు నిండి ఎక్కుడు వచ్చినప్పుడు మాత్రమే గుంజకపోతే ఫిల్టరు మూసుకుపోయిందని మొదట అనుకోవాలి. డీజిల్ పోయించిన వెంటనే, లేదా వాన పడ్డ మరునాడు మొదలైతే ఫిల్టరు కింది స్క్రూ విప్పి గాజు సీసాలో పట్టండి. నీళ్లుంటే కాసేపటికి అడుగున తేటగా కనబడతాయి, డీజిల్ పైన తేలుతుంది. ఇంకొకటి ఉంది. గుంతలో పడ్డప్పుడు స్విచ్చి ఆపినట్టు టక్కున ఆగితే అది డీజిల్ కరువు కాకపోవచ్చు. పంపుమీద ఇంజను ఆపే కరెంటు పరికరం ఉన్న బండ్లలో దాని వైరు వదులైనా అట్లనే ఆగుతుంది. డీజిల్ అందని బండి మాత్రం వణికి, దగ్గి ఆగుతుంది.

ఇవన్నీ చూసినా తేలకపోతే డబ్బా పరీక్ష ఉంది. ట్యాంకు పైపు విడదీసి, ఫీడ్ పంపుకు వేరే పైపు పెట్టి, శుభ్రమైన డబ్బాలోంచి డీజిల్ ఇచ్చి నడపాలి. ఆగకుండా నడిస్తే తప్పు ట్యాంకు వైపున్నది. అప్పుడు కూడా ఆగితే ఫీడ్ పంపునుంచి ముందుకు వెతకాలి. పెద్ద పంపు విప్పేముందు ఈ పరీక్ష చేశారా అని యజమాని మెకానిక్‌ను అడగాలి. బండిలో మనుషులుండగా ఇది చేయరాదు. డబ్బా క్యాబినులో పెట్టరాదు. పైపు నోట్లో పెట్టి డీజిల్ గుంజరాదు, అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. ట్యాంకు ఖాళీ అయిందని వెల్డింగుకు పట్టరాదు, లోపల మిగిలిన ఆవిరి పేలుతుంది. ఇక కొత్త కామన్‌రైల్ బండ్లలో పైపులు వదులు చేసే సాహసం ఎవరూ చేయవద్దు. అక్కడి ఒత్తిడికి డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకుపోతుంది.

ఇంత వివరంగా చెప్పడానికి కూలి ఒక్కటే కారణం కాదు. ఇంజను ఆగితే బ్రేకుకు సాయమిచ్చే వ్యాక్యూమ్ కూడా ఆగుతుంది. రెండుమూడు సార్లు తొక్కేసరికి పెడలు రాయిలాగా గట్టిపడుతుంది. 63వ నంబరు జాతీయ రహదారి మీద, చీకటిలో, వెనుకనుంచి లారీలు వస్తుండగా, ఇరవై మందితో బండి ఆగడమంటే ఏమిటో ఆలోచించండి. 2018 ఏప్రిల్‌లో నల్లగొండ జిల్లా వద్దిపట్ల దగ్గర, జూన్‌లో యాదాద్రి జిల్లా వేములకొండ దగ్గర కూలీల ట్రాక్టర్లు కాలువల్లో పడ్డాయి. అవి డీజిల్ వల్ల జరిగినవి కావు. అయితే సరుకు బండ్లలో మనుషుల ప్రాణాలకు ఎంత విలువ ఉన్నదో అవి చూపించాయి. సరుకు బండిలో ఊరికే ఎక్కిన ప్రయాణికులకు బీమా కంపెనీ బాధ్యత లేదని 2002లోనే ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. జరగరానిది జరిగితే కుటుంబం బండి యజమాని వెంట తిరగవలసిందే. అతనికేమో ఉన్న ఆస్తి ఆ బండే.

కనుక బండి యజమానిని శత్రువుగా చూడమని మేము చెప్పడం లేదు. అతనూ కిస్తీలు కట్టేవాడే. లెక్క అడగవలసింది పనికి పిలిచిన ఆసామిని. పనికి సిద్ధపడి వచ్చిన మనిషికి, తన ఇష్టం లేకపోవడం వల్ల గాక వేరే కారణంతో పని తగ్గితే, పూర్తి రోజు కూలి ఇవ్వాలని 1948 కనీస వేతనాల చట్టం 15వ సెక్షను చెప్పింది. కొన్ని మినహాయింపులతో అదే మాట 2019 వేతనాల కోడ్‌లో 10వ సెక్షనుగా ఉన్నది. ఆసామి మాట్లాడి పంపిన బండి దారిలో ఆగితే అది కూలి మనిషి ఇష్టం లేక ఆగిందా? ఈ ప్రశ్నను గుంపు మేస్త్రీ పని ఒప్పుకునే రోజునే పెట్టాలి. గెట్టు మీద, సాయంత్రం డబ్బులు పంచేటప్పుడు పెడితే దొరికేది తగువే.

జగిత్యాల మామిడి తోటల్లో కాయ తెంపే పనికి బండ్లు కుదుర్చుకునేటప్పుడు మేస్త్రీలు మరొక మాట కూడా ఖరారు చేసుకోవాలి. మొదటి రోజుకు ముందు ఫిల్టరు నీళ్లు తీసి చూపించాలి, మూత రంధ్రం కడగాలి, గుంజే పైపు పగిలి ఉంటే మార్చాలి. ఫిల్టరు మార్చిన తేదీ, కిలోమీటర్ల అంకె దాని డబ్బా మీదనే పెయింటుతో రాయించాలి. అంకెలు చదవగలిగిన ఆడపిల్ల ప్రతి గుంపులోనూ ఒకతె ఉంటుంది.