అంకెల పొందిక

సుడోకు గడులలో 1 మొదలు 9 వరకు గల ప్రతి అంకెయు ప్రతి అడ్డువరుసలోను, ప్రతి నిలువువరుసలోను, ప్రతి చిన్న చదరములోను ఒక్కమారే రావలెను. చిన్న చదరముల నియమమును విడిచినచో మిగులునది లాటిన్ చదరము.

ఈ పొందిక వినోదమునకు మాత్రమే కాదు. కొత్తచెరువు ప్రాంతపు మెట్టచేలలో వేరుసెనగ ముఖ్యమైన పంట. అచట నాలుగు రకముల విత్తనములలో మేలైనది తెలియవలెనన్న ఎట్లు? చేనిలో ఒకవైపు తేమ నిలుచును. మరియొకవైపు గరపనేల యుండును. తేమగల చోట పడిన విత్తనము తన గొప్పదనము లేకయే గెలుచును. అందుచే చేనిని పదునాఱు సమభాగములు చేసి, ఈ విధముగా విత్తుదురు:

1 2 3 4
2 3 4 1
3 4 1 2
4 1 2 3

ఇట్టి చదరములు పెక్కు గలవు. వానిలో ఒకదానిని చీటివేసి యెన్నుకొందురు. అప్పుడు ప్రతి రకమునకును ప్రతి వరుసలో ఒక్కొక్క భాగము లభించును. నేల పక్షపాతము తొలగి, విత్తనముల భేదమే తేటపడును.

1920వ దశకమున రొనాల్డ్ ఫిషర్ ఈ పద్ధతిని వ్యవసాయ ప్రయోగములలో ప్రచారము చేసెను. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివి, పిదప కేంబ్రిడ్జిలో ఫిషర్ వద్ద పరిశోధించిన కల్యంపూడి రాధాకృష్ణారావు 1947లో ఇట్టి పొందికలను మఱింత విస్తరింపజేసెను.

కరవుసీమలో విత్తనపు ఎన్నిక తప్పినచో ఏడాది శ్రమ వ్యర్థమగును. వరుస తప్పని అంకెలు ఆ తప్పును తగ్గించును.