జరిగే పాఠంలో చిత్రానికి చోటు

డన్‌హువాంగ్ గుహల్లో లభించి, నేడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న వజ్రచ్ఛేదికా సూత్రపు చైనీయ ప్రతి క్రీ.శ. 868లో ముద్రితమైనది. కాగితాలను వరుసగా అతికించి చేసిన ఆ చుట్ట పొడవు సుమారు 5 మీటర్లు. ఆరంభంలో బుద్ధుడు సుభూతికి ఉపదేశిస్తున్న చిత్రం, తరువాత సూత్రపాఠం ఉంటాయి. చుట్టను ఎంత విప్పినా చిత్రానికీ పాఠానికీ నడుమ దూరం మారదు. రెండూ ఒకే కాగితంపై ఉన్నాయి. కంప్యూటరు తెరపై ఈ సంబంధం దానంతటది ఏర్పడదు; ప్రోగ్రాం రచించేవారే దానిని కల్పించాలి.

అమరావతి, గోలి శిల్పాలపై ఒక వ్యాసాన్ని మల్టీమీడియా ప్రదర్శనగా రూపొందిస్తున్నామనుకుందాం. ఒకచోట నాళాగిరి దమనం, కొంత దిగువన వెస్సంతర జాతకం వస్తాయి. రెండింటిలోనూ ఏనుగు ఉంది. మొదటిది దేవదత్తుని కుట్రవల్ల రాజగృహ వీధుల్లోకి వదలబడిన మదగజం. రెండవది వెస్సంతరుడు కళింగ బ్రాహ్మణులకు దానమిచ్చిన శ్వేతగజం. పాఠం జరిగి చిత్రం జరగకపోతే, ఒక కథ పక్కన మరొక కథలోని ఏనుగు నిలుస్తుంది. శిల్పాన్ని తొలిసారి చూసే విద్యార్థి ఆ తప్పునే నేర్చుకొంటాడు.

మాక్రోమీడియా డైరెక్టర్ వంటి సాఫ్ట్‌వేర్‌లో దీనికి రెండు మార్గాలుండేవి. మొదటిది, పాఠంలో ఖాళీ పంక్తులు విడిచి, చిత్రాన్ని వేరొక స్ప్రైట్‌గా వాటిపై నిలపడం. పాఠం ఎంత జరిగిందో స్క్రోల్‌టాప్ అనే గుణం తెలుపుతుంది. పాఠం కనిపించే చట్రపు పైఅంచు తెరపై 100 పిక్సెళ్ల దిగువన ఉందనీ, పాఠారంభం నుండి చిత్రపు చోటు 1250 పిక్సెళ్లనీ, పాఠం 1000 పిక్సెళ్లు జరిగిందనీ అనుకొంటే, చిత్రపు పైఅంచు 100 + 1250 − 1000, అనగా 350 వద్ద ఉండాలి. పాఠం జరిగిన ప్రతిసారీ ఈ లెక్క తిరిగి చేయాలి.

ఇక్కడ మూడు జాగ్రత్తలు అవసరం. 1250 అనే అంకెను ప్రోగ్రాంలో స్థిరంగా రాయకూడదు. అక్షరాల పరిమాణం మారితే అది మారుతుంది. ఫలానా అక్షరం పాఠంలో ఏ బిందువు వద్ద ఉందో తెలిపే చార్‌పోస్‌టులోక్ ద్వారా దానిని పొందాలి. డైరెక్టర్‌లో బిట్‌మ్యాప్ చిత్రాల ఆధారబిందువు మామూలుగా మధ్యలో ఉంటుంది కనుక, చిత్రపు ఎత్తులో సగాన్ని లెక్కలో కలపాలి. చట్రం దాటిన చిత్రభాగం కనిపించకుండా, పైనా కిందా నేపథ్యపు రంగు పట్టీలను పై పొరలో ఉంచాలి.

రెండవ మార్గం, పాఠాన్నీ చిత్రాలనూ ఒకే పొడవైన బిట్‌మ్యాప్‌గా కలిపి దానిని జరపడం. ఇది కాగితపు చుట్ట పద్ధతే. చిత్రం చోటు తప్పదు. కాని అక్షరాలు చుక్కలుగా మారిపోతాయి. పదాన్ని వెతకడానికీ, గాథను ప్రతి తీసుకోవడానికీ వీలుండదు; చూపులేనివారికి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు అందులో ఏమీ దొరకదు.

నేటి వెబ్ పుటల్లో హెచ్‌టీఎంఎల్ చిత్రాన్ని పాఠప్రవాహంలోనే ఉంచుతుంది. అయినా చిత్రపు వెడల్పు, ఎత్తులను ముందే తెలపాలి. లేకుంటే చిత్రం ఆలస్యంగా వచ్చినప్పుడు, చదువుతున్న పంక్తి కిందికి దూకుతుంది.

డైరెక్టర్ అమ్మకం 2017లో నిలిచింది. షాక్‌వేవ్ ప్లేయర్ 2019లో, ఫ్లాష్ ప్లేయర్ 2020లో ముగిశాయి. వాటిపై మాత్రమే ఆధారపడిన ప్రదర్శనలను నేడు తెరవడం కష్టం. కనుక గ్రంథపాఠాన్ని యూనికోడ్‌లోనూ, చిత్రాలను విడి ఫైళ్లుగానూ, ఏ చిత్రం ఏ పేరాకు చెందుతుందో తెలిపే సూచికను సాధారణ ఎక్స్‌ఎంఎల్ ఫైలుగానూ భద్రపరచాలి. అప్పుడు సాఫ్ట్‌వేర్ మారినా, నాళాగిరి ఎక్కడ నిలవాలో తరువాతివారికి తెలుస్తుంది.