పులి మీద పడిన నింద: తలకోన అడవి, 'అన్వేషణ' చిత్రం, మారుమూల హత్యాకథ

సారాంశం

జనావాసాలకు దూరంగా ఉన్న దీవి, మంచుకొండ, బీడు, అడవి వంటి చోట్ల జరిగే హత్యల చుట్టూ అల్లిన కథలు అపరాధ పరిశోధన సాహిత్యంలో ఒక ప్రత్యేక శాఖ. ఈ కథల్లో స్థలం కేవలం నేపథ్యం కాదు. హత్యను హత్య కాదనిపించే ఒక సంజాయిషీని అది హంతకుడికి సమకూరుస్తుంది. తలకోన అడవుల్లో చిత్రీకరించిన 'అన్వేషణ' (1985) ప్రధాన ఆధారంగా, ఆ సంజాయిషీ ఎలా పుడుతుందో, ఎలా వీగిపోతుందో, 'మారుమూల' అనే మాటకు హద్దులేమిటో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: అపరాధ పరిశోధన, మారుమూల స్థలం, తలకోన, శేషాచలం, వంశీ, శవపంచనామా

1. ప్రవేశిక

తెలుగులో అపరాధ పరిశోధన నవల ప్రధానంగా నగరాన్ని ఆశ్రయించి పెరిగింది. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ నివాసం మద్రాసు. నగరంలో నేరం జరిగితే ఎవరో ఒకరు చూస్తారు, పోలీసులు వస్తారు, పత్రికలు రాస్తాయి. అక్కడ హంతకుడు జనంలో కలిసిపోయి తప్పించుకుంటాడు. జనమే లేని చోట అతడికి ఆ వీలు లేదు. అందువల్ల మారుమూల హత్యాకథకు వేరొక నిర్మాణం అవసరమైంది.

తెలుగులో ఆ నిర్మాణాన్ని పరిశీలించడానికి అనువైన ఉదాహరణ వంశీ దర్శకత్వంలో వచ్చిన 'అన్వేషణ'. 'మంచుపల్లకి' (1982), 'సితార' (1984) తర్వాత వచ్చిన ఈ చిత్రంలో గోదావరి ప్రాంతపు దర్శకుడు చిత్తూరు జిల్లా కొండల్లోకి వచ్చాడు. కార్తీక్, భానుప్రియ ప్రధాన పాత్రధారులు, సంగీతం ఇళయరాజాది. ఈ చిత్రం గురించిన చర్చ ఎక్కువగా పాటల దగ్గరే ఆగిపోతుంది. అడవి ఈ కథలో చేసే పని మీద తగినంత దృష్టి పడలేదు.

2. మారుమూల హత్యాకథ: మూడు లక్షణాలు

ఈ రకం కథల్లో మూడు లక్షణాలు ప్రధానంగా కనిపిస్తాయి. మొదటిది పరిమితి. అనుమానితుల సంఖ్య ముందే ఖరారవుతుంది. అగాథా క్రిస్టీ 1939లో ప్రచురించిన 'అండ్ దెన్ దేర్ వర్ నన్'లో దీవి మీద పదిమంది ఉంటారు. హంతకుడు ఆ పదిమందిలో ఒకడు. 1934 నాటి 'మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్'లో మంచులో చిక్కుకున్న రైలు ఇదే పని చేస్తుంది.

రెండవది ఆలస్యం. చట్టం ఆ చోటికి వెంటనే చేరలేదు. మొదటి హత్యకూ పోలీసుల రాకకూ మధ్య ఉన్న వ్యవధిలోనే మిగిలిన కథంతా నడుస్తుంది. క్రిస్టీ దీవికి పోలీసులు వచ్చేసరికి అక్కడ ప్రాణాలతో ఎవరూ ఉండరు. చివరకు సీసాలో పెట్టి సముద్రంలో విసిరిన ఒక లేఖ దొరికితే తప్ప నిజం తెలియదు. సాక్షి లేని చోట రచయిత్రికి ఆ సీసా తప్పనిసరి అయింది.

మూడవది సంజాయిషీ. మారుమూల స్థలం మరణానికి తనదైన కారణాన్ని ముందుగానే సిద్ధం చేసి ఉంచుతుంది. కొండయితే కాలుజారడం, సముద్రమయితే మునిగిపోవడం, ఎడారి అయితే దప్పిక, అడవి అయితే మృగం. ఆ చోట అటువంటి చావు సహజమని అందరూ ముందే నమ్మి ఉంటారు కాబట్టి ఎవరూ ప్రశ్నించరు. మొదటి రెండు లక్షణాలూ ఉత్కంఠను పెంచుతాయి. నేరాన్ని కప్పిపుచ్చే పని మాత్రం మూడవదానిదే. అందువల్ల ఈ శాఖను అర్థం చేసుకోవడానికి సంజాయిషీయే కీలకం.

3. మృగం అనే అనుమానితుడు

అపరాధ పరిశోధన కథకు ఆద్యంగా చెప్పుకునే ఎడ్గార్ ఎలన్ పో కథ 'ది మర్డర్స్ ఇన్ ది ర్యూ మోర్గ్' (1841)లోనే మృగం ఉంది. అక్కడ అందరూ మనిషి కోసం వెదుకుతారు. చంపినది ఒరాంగుటాన్ అని తేలుతుంది. ఆర్థర్ కానన్ డాయిల్ రాసిన 'ది హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్' (1901–02) ఈ వరుసను తలకిందులు చేసింది. డార్ట్‌మూర్ బీడుభూముల్లో వంశశాపంగా తిరిగే దెయ్యపు కుక్కను జనం నమ్ముతారు. దాని వెనుక ఉన్నది ఆస్తి మీద ఆశపడిన మనిషి. సత్యజిత్ రాయ్ ఫెలూదా కథల్లో 'రాయల్ బెంగాల్ రహస్య' (1974) ఉత్తర బెంగాల్ అడవిలో నడుస్తుంది. అక్కడ దొరికిన శవం విషయంలో పులి పని ఎంత, ఇతర కారణం ఎంత అని విడదీయడమే పరిశోధకుడి బాధ్యత.

'అన్వేషణ' డాయిల్ మార్గంలోనిది. అడవిలో వరుసగా మనుషులు చనిపోతుంటారు. పులి చంపుతున్నదని జనం నమ్ముతారు. ఆ నమ్మకం వెనుక మనిషి చేయి ఉన్నదని కథ క్రమంగా బయటపెడుతుంది. ప్రేక్షకుడికి ఈ నమ్మకం అసహజంగా తోచదు. దానికి కారణం ఆ అడవికి ఉన్న చరిత్రే. కెన్నెత్ ఆండర్సన్ ఆంగ్లంలో రాసిన వేట కథల్లో తిరుపతి సమీపంలోని మామండూరు నరభక్షక పులి కథ ఒకటి. పులి మాట అలా ఉండగా, శేషాచలంలో చిరుత భయం నేటికీ వాస్తవం. 2023 ఆగస్టులో అలిపిరి కాలినడక మార్గంలో చిరుత దాడిలో ఒక చిన్నారి మరణించింది. ఆ తర్వాత తిరుమల తిరుపతి దేవస్థానం నడకదారి భక్తులకు చేతికర్రలు ఇచ్చింది.

ఇక్కడొక విషయాన్ని గమనించాలి. అబద్ధపు సంజాయిషీ నిలబడాలంటే అది చాలాసార్లు నిజమై ఉండాలి. మృగం నిజంగా మనుషులను చంపే చోటనే మృగం మీద నింద మోపడం సాధ్యం. హంతకుడు పులిని కల్పించనవసరం లేదు. జనంలో ఉన్న భయాన్ని వాడుకుంటే చాలు.

4. తలకోన: స్థలం ఇచ్చినది

తలకోన నేటి తిరుపతి జిల్లా యెర్రావారిపాలెం మండలం నెరబైలు సమీపంలో ఉంది. 2022 ఏప్రిల్‌కు ముందు అది చిత్తూరు జిల్లా. సుమారు 270 అడుగుల ఎత్తు నుంచి దూకే జలపాతం, సిద్ధేశ్వరస్వామి ఆలయం, చెట్ల మీదుగా పాకిపోయే గిల్లతీగ, దేవాంగపిల్లి, బెట్టు ఉడుత ఈ అడవి గుర్తులు. ఇది 1989లో ఏర్పడిన శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలో భాగం. 2010లో శేషాచలం జీవావరణ రిజర్వుగా ప్రకటించిన ప్రాంతంలోనిది.

చిత్తూరు సీమలో 'కోన' అంటే కొండల నడుమ నీరు పారే లోయ. కోనలో చూపు దూరం సాగదు. గట్టు, మలుపు, దట్టమైన చెట్టు ఏదో ఒకటి అడ్డు వస్తుంది. బీడు మీద నిలిచిన హోమ్స్‌కు దూరాన కదిలే ఆకారమైనా కనిపిస్తుంది. కోనలో పది అడుగుల దూరంలో ఉన్నదీ కనబడదు. శబ్దం మాత్రం రాతి గోడలకు తగిలి, ఎటునుంచి వచ్చిందో తెలియకుండా తిరుగుతుంది. చూపు తగ్గి శబ్దం పెరిగిన ఈ స్థితి భయానికి మూలం. 'అన్వేషణ'కు ఈ స్థలం ఇచ్చిన ముఖ్యమైన వనరు అదే.

5. వినికిడితో సాగే అన్వేషణ

ఈ చిత్రంలో అన్వేషణలు రెండు. పోలీసు అధికారి అమర్‌ది హంతకుడి కోసం. కథానాయిక హేమది సంగీతం కోసం. పక్షుల ధ్వనులకూ స్వరాలకూ ఉన్న సంబంధాన్ని పరిశోధించడానికి ఆమె అడవికి వస్తుంది. ఈ రెండవ అన్వేషణ పాటల కోసం తెచ్చిపెట్టిన సాకుగా పైకి కనిపిస్తుంది. కానీ దానికి శాస్త్ర సంప్రదాయంలో పునాది ఉంది. షడ్జమం నెమలిదని, ఋషభం ఎద్దుదని, గాంధారం మేకదని, మధ్యమం క్రౌంచానిదని, పంచమం కోకిలదని, ధైవతం గుర్రానిదని, నిషాదం ఏనుగుదని సంప్రదాయం చెబుతుంది. సంగీతాన్ని ప్రాణుల గొంతుల్లో వెదకడం ఈ నేలకు కొత్త కాదు.

పో కథలోనూ వినికిడి సాక్ష్యం ఉంది. మూసిన తలుపు వెనుక విన్న గొంతును ప్రతి సాక్షీ తనకు రాని ఏదో పరాయి భాషగా పోల్చుకుంటాడు. ఎవరికీ అర్థం కాని ఆ గొంతు మనిషిది కాదన్న నిర్ణయానికి పరిశోధకుడు అక్కడినుంచే వస్తాడు. 'అన్వేషణ'లో ప్రశ్న ఎదురు దిశలో నడుస్తుంది: మృగానిదని అందరూ అనుకుంటున్నదానిలో మనిషి ఎక్కడ ఉన్నాడు? ఏ ధ్వని ఏ ప్రాణిదో విడదీసి గుర్తించడం హేమ విద్య. మృగం పనిని మనిషి పని నుంచి విడదీయడం అమర్ విద్య. విషయం వేరయినా పద్ధతి ఒకటే. ఈ కారణంగానే చిత్రంలో సంగీతాంశం హత్యాకథకు అతుకులా ఉండదు.

6. ఎవరికి మారుమూల?

ఈ ప్రక్రియకు ఒక పరిమితి ఉంది. 'అన్వేషణ'లో నిజాన్ని వెదికే ప్రధాన పాత్రలు రెండూ బయటినుంచి వచ్చినవే. మారుమూల అనే మాట ఆ బయటి చూపులోనిది. తిరుపతి నుంచి తలకోనకు రోడ్డుదారి 60 కిలోమీటర్ల లోపే. శివరాత్రికి సిద్ధేశ్వరుని గుడికి జనం తరలివస్తారు. నెరబైలులో ఉండేవారికి అది పశువులు మేసే కొండ, కట్టెలు తెచ్చుకునే అడవి.

దాదాపు అదే కాలంలో, ఇదే జిల్లాకు చెందిన డా. కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' నవల రాశారు. తప్పిపోయిన పందిని వెదుకుతూ ఒక ముసలివాడు రాత్రివేళ అడవిలోకి వెళ్తాడు. అక్కడా చీకటి, మృగాలు, చావు ఉన్నాయి. కానీ ఆ ముసలివాడికి అడవి రహస్యం కాదు. జాడలను, వాసనను, అరుపులను అతడు బతుకు నేర్పిన పాఠంగా చదువుతాడు. హత్యాకథలో పరిశోధకుడు కష్టపడి సాధించే జ్ఞానం ఇక్కడ స్థానికుడికి ముందునుంచే ఉంది. ఈ రెండింటినీ పక్కపక్కన ఉంచి చూస్తే, మారుమూలతనం దూరానికి సంబంధించినది కాదని తెలుస్తుంది. అక్కడివారి మాటను సాక్ష్యంగా స్వీకరించకపోవడమే మారుమూలతనం.

ఈ సమస్య కథల్లోనే ఆగదు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో ఎర్రచందనం అక్రమ రవాణా నిరోధక దళం జరిపిన కాల్పుల్లో తమిళనాడుకు చెందిన 20 మంది మరణించారు. ఆత్మరక్షణ కోసమే కాల్చామని పోలీసులు చెప్పారు. ఆ కథనాన్ని హక్కుల సంఘాలు ప్రశ్నించాయి. జాతీయ మానవ హక్కుల కమిషన్ విచారణ చేపట్టింది. అడవిలో జరిగిన మరణానికి బయటికి వచ్చే కథనం ఎవరిది, దానిని సరిచూసే సాక్షి ఎవరు అన్న ప్రశ్న అక్కడ నిజమైన ప్రాణాలకు సంబంధించినది.

7. ముగింపు

1973 నాటి నేర విచారణ స్మృతిలోని 174వ సెక్షన్ ఈ సందర్భంలో గమనార్హం. ఆత్మహత్య, పరుల చేతిలో మరణం, యంత్రం వల్ల, ప్రమాదం వల్ల కలిగే మరణాలతోపాటు జంతువు చంపిన మరణాన్ని కూడా అది ఒకే వరుసలో చేర్చింది. వీటన్నిటికీ శవపంచనామా తప్పనిసరి. అది చుట్టుపక్కల నివసించే ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది గౌరవనీయుల సమక్షంలో జరగాలి. భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 194వ సెక్షన్ ఈ ఏర్పాటును కొనసాగించింది. పులి చంపిందన్న మాటను విచారణ లేకుండా చట్టం ఒప్పుకోదు. ఆ విచారణకు స్థానికుడి కన్ను కావాలంటుంది.

మారుమూల హత్యాకథ చేసే పని కూడా ఇదే. స్థలం ఇచ్చిన సంజాయిషీని అది వెంటనే నమ్మదు. 'అన్వేషణ' ఈ పనిని అడవి శబ్దాల సాయంతో చేసి తెలుగులో ఒక మార్గం చూపింది. అయితే పంచనామాలో ఉండవలసిన ఆ ఇద్దరు స్థానికులకు కథలో దక్కిన చోటు తక్కువ. కేశవరెడ్డి ముసలివాడి వంటి వ్యక్తి పరిశోధకుడిగా నిలిచే హత్యాకథ వచ్చినప్పుడు ఈ శాఖ చిత్తూరు కొండల్లో సంపూర్ణంగా వేళ్ళూనుతుంది.