గడ్డకట్టనని మొండికేసిన జెల్లీ

పోయిన వారం మెట్టుగూడలో మా ఇంటి ఫ్రీజర్‌లో రెండు స్టీలు గిన్నెలు పెట్టాను. రెండింటిలోనూ ఫలూదాకి వాడే చైనా గడ్డి జెల్లీయే. ఒకటి ఉత్త నీళ్లతో కాచింది, రెండోదాంట్లో సగానికి సగం మందుల షాపు గ్లిజరిన్. తెల్లారి చూస్తే మొదటిది రాయి. మధ్యాహ్నానికి కరిగి, నీళ్లన్నీ అడుగుకి దిగిపోయి, పైన పిండేసిన స్పాంజిలాంటి తుక్కు మిగిలింది. రెండోది వేలితో నొక్కితే ఊగింది. దానికి ‘తినొద్దు’ అని చీటీ అంటించాల్సి వచ్చింది.

అసలు చైనా గడ్డి తయారీయే ఈ చెడిపోవడం మీద నడుస్తుంది. జపాన్‌లో చలికాలం రాత్రుళ్లు ఆరుబయట గడ్డకట్టనిచ్చి, పగలు నీరు కార్చి ఎండబెట్టేవారు. వాళ్లు దాన్ని ‘కాంటెన్’ అంటారు. చలి ఆకాశం అని అర్థం.

ఈ జెల్లీ ఒక హైడ్రోజెల్. అంటే పొడవాటి అణువుల వల, దాని నిండా నీరు. 1960లో చెక్ రసాయనవేత్తలు ఓటో విఖ్టర్లే, ద్రహోస్లావ్ లీమ్ కృత్రిమ హైడ్రోజెల్ గురించి ‘నేచర్’లో రాశారు. మరుసటి ఏడు క్రిస్మస్‌కి విఖ్టర్లే పిల్లల బొమ్మల సెట్టు ముక్కలతో, సైకిల్ డైనమోతో ఇంట్లోనే యంత్రం కట్టి మెత్తటి కాంటాక్ట్ లెన్సులు పోశాడు.

కంటి వెచ్చదనంలో బతికే ఆ వస్తువు మంచులో ఏం చేస్తుంది? సున్నా దిగితే నీటి అణువులు వరసకట్టి స్ఫటికాలవుతాయి, వలని చింపుతాయి. గ్లిజరిన్ నీటి అణువుల్ని పట్టేసుకుని వరస కట్టనివ్వదు. మూడింట రెండు వంతులు కలిపితే సున్నాకి 46 డిగ్రీలు కిందకి దిగినా ద్రావణం గడ్డకట్టదు. కాల్షియం క్లోరైడ్ ఉప్పుదీ అదే పని. 2018లో హార్వర్డ్ పరిశోధకులు ఆల్జినేట్, పాలీఅక్రిలమైడ్ కలిపిన జెల్‌ని ఆ ఉప్పునీళ్లలో నానబెట్టి, సున్నాకి 50 డిగ్రీల కిందా గడ్డకట్టకుండా చేశారు.

ఇదంతా తార్నాకలో చాయ్ తాగుతూ, యూనివర్సిటీలో పాలిమర్లు చదివిన స్నేహితుడికి గొప్పగా చెప్పాను. వాడు చక్కెర ఇంకో చెంచా వేసుకుని, “గడ్డకట్టకపోతే సరిపోయిందా? ఇలాంటి జెల్‌ని బ్యాటరీలో పెడితే అందులోంచి కరెంటు పారొద్దూ? చలికి గ్లిజరిన్ ముదురు పాకంలా చిక్కబడుతుంది. అందులో అయాన్లు ఎలా ఈదుతాయిరా? మీటరు పెట్టి చూశావా?” అన్నాడు.

చూడలేదు. ఇవాళ రాత్రికి మూడో గిన్నె: గ్లిజరిన్ తగ్గించి, ఉప్పు వేసి. మల్టీమీటర్ కొనుక్కొచ్చాను.