మంచుపొగలో క్రౌంచాలు

తెల్లవారడానికి ఇంకా గంట వుంది. ఒక చిన్న నది మీద ఒక చిన్న వంతెన. దాని మీద పదులకొద్దీ జనం బారులు తీరి నిలబడి వున్నారు. ఒక్కరూ గట్టిగా మాట్లాడరు. అందరి ముందూ ముక్కాలి పీటల్లాంటి స్టాండ్లు, వాటి మీద ఫిరంగి గొట్టాల్లాంటి కటకాలు తొడిగిన కెమేరాలు. చలి శూన్యానికి 20 డిగ్రీలు క్రింద. విడిచిన ఊపిరి మీసాల మీద, కనుబొమల మీద పేరుకుని తెల్లగా గడ్డకడుతోంది. ఇరవై ఏళ్ళ కుర్రవాడు కూడా అరవై ఏళ్ళ తాతలా కనిపిస్తున్నాడు!

వీళ్ళంతా ఏ మహారాజు ఊరేగింపు కోసమో, ఏ సినిమా తార రాక కోసమో కాచుకుని వున్నారనుకోకండి. నదిలో నిద్రపోతున్న కొన్ని పక్షులు మేలుకునే ఘడియ కోసం వీళ్ళ నిరీక్షణ.

ఆ నది పేరు సెత్సురి. వంతెన పేరు ఒతోవా. వూరు త్సురుయి. జపాను దేశానికి ఉత్తరపు కొసన వున్న హొక్కాయిదో దీవిలో, కుషిరో పట్నానికి చేరువలో వుంది. ‘త్సురుయి’ అంటే క్రౌంచాలుండే చోటు అని అర్థం. పేరుకు తగిన వూరు!

ఎవరీ పక్షులు?

మన చెరువుగట్ల మీద కనిపించే కొంగను తలుచుకుంటే ఈ పక్షి అంచనాకు రాదు. మన సారస పక్షికి, పాత నిఘంటువులు బెగ్గురు అని చెప్పే పక్షికి, ఇది దగ్గరి చుట్టం. నిలబడితే సుమారు అయిదడుగుల ఎత్తు. రెక్కలు చాస్తే ఏడడుగులకు పైమాటే. ఒళ్ళంతా పాలనురుగు. మెడ మాత్రం నలుపు. నడినెత్తిన ఎర్రటి బొట్టు. జపాను వాళ్ళు దీన్ని ‘తాన్‌చో’ అంటారు. ‘తాన్’ అంటే ఎరుపు, ‘చో’ అంటే శిరస్సు. ఆ ఎరుపు ఈకలది కాదు, ఈకలు లేని చర్మానిది.

ఇక్కడొక తమాషా వుంది. నిలబడి వున్నప్పుడు దీని తోక నల్లగా కనిపిస్తుంది. ఎందరో చిత్రకారులు అలాగే వేశారు కూడా. కాని తోక తెల్లనిదే! ముడిచిన రెక్కల చివరి నల్లని ఈకలు దాని మీద వాలి వుంటాయి. పక్షి ఎగిరినప్పుడు తీసిన ఫొటో చూస్తే గుట్టు బయటపడుతుంది.

క్రౌంచానికి వెయ్యేళ్ళ ఆయుష్షని జపాను వాళ్ళలో ఒక మాట వుంది. అక్కడి పిల్లలు కాగితంతో మడిచే పక్షి ఇదే. 1984లో వచ్చిన వెయ్యి యెన్‌ల నోటు వెనుక ముద్రించినదీ ఈ జంటనే. జంట అని ఎందుకన్నానంటే, ఒకసారి జత కట్టిన క్రౌంచాలు సాధారణంగా జీవితాంతం కలిసే వుంటాయి. మగపక్షి ఒక కూత కూస్తే ఆడపక్షి వెంటనే రెండు కూతలతో అందుకుంటుంది. క్రౌంచమిథునాన్ని చూసి వాల్మీకికి శోకం శ్లోకమైన కథ విన్న మనకు, ఈ మాట వింతగా తోచదు.

నీళ్ళే దుప్పటి

ఇంత చలిలో ఇవి వెచ్చని దేశాలకు ఎందుకు ఎగిరిపోవు? చైనాలో, రష్యాలో పెరిగే తాన్‌చోలు శీతాకాలానికి దక్షిణంగా వలసపోతాయి. హొక్కాయిదోలోవి మాత్రం దీవి దాటిపోవు. వేసవిలో పిల్లల్ని పెంచిన బురదనేలలు గడ్డకట్టగానే వూళ్ళ వైపుకు వస్తాయి, అంతే.

రాత్రి పడక మాత్రం నదిలోనే. వింటేనే ఒళ్ళు జలదరిస్తుంది కదూ! కాని లెక్క చూడండి. గాలి శూన్యానికి 20 డిగ్రీలు క్రింద వున్నా, పారే నీరు శూన్యానికి క్రింద పోదు. పైగా ఈ నదిలోకి భూగర్భపు ఊటలు వచ్చి కలుస్తూ వుంటాయి కాబట్టి గడ్డకట్టదు. ఆ చుట్టుపక్కల వున్న వాటన్నిటిలోనూ వెచ్చని చోటు నదే! పిల్లి అడుగులతో వచ్చే నక్కకు నీళ్ళు దాటక తప్పదు, చప్పుడు కాక తప్పదు. వెచ్చదనమూ, కాపలా రెండూ నదే చూసుకుంటుంది.

మరి నీళ్ళలో కాళ్ళు కొంకర్లు పోవా? వాటి కాళ్ళలో ఒక ఏర్పాటు వుంది. గుండె నుంచి వెచ్చని నెత్తురు తెచ్చే నాళాలూ, పాదాల నుంచి చల్లని నెత్తురు తీసుకుపోయే నాళాలూ పక్కపక్కనే ఆనుకుని వుంటాయి. దిగే నెత్తురు తన వేడిని ఎక్కే నెత్తురుకు అప్పగించి దిగుతుంది. అందువల్ల పాదాలు చల్లగానే వుంటాయి, ఒంట్లోని వేడి మాత్రం నీటిపాలు కాదు. ఇక ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలు పొట్ట ఈకల్లోకి ముడిచి, ముక్కును వీపు మీది ఈకల్లో దోపి, ఈకలన్నీ ఉబ్బించుకుంటే గాలి మధ్యలో చిక్కుకుని మంచి దూదిబొంత తయారవుతుంది.

ఫొటో తీయడం అంత సులువా?

తూరుపు ఎర్రబడుతుంది. నది మీద నుంచి ఆవిరి పొగలా లేస్తుంది. ఆ ఆవిరి గట్టు మీది చెట్ల కొమ్మలకు పట్టి, గడ్డకట్టి, ప్రతి రెమ్మా పంచదార అద్దినట్టు తెల్లబడుతుంది. ఆ పొగలో బూడిదరంగు నీడలు కదులుతాయి. ఒక నీడ మెడ ఎత్తి కూస్తుంది. కూతతో పాటు నోట్లో నుంచి తెల్లని ఆవిరి! ఆ ఆవిరి ఫొటోలో పడాలనే వంతెన మీది వారంతా కాళ్ళు తిమ్మిరెక్కుతున్నా కదలకుండా నిలబడ్డారు.

కాని చలి కెమేరాకూ శత్రువే. బ్యాటరీల సత్తువ చలికి చప్పున తగ్గిపోతుంది. తెలిసినవాళ్ళు రెండో బ్యాటరీని చొక్కా లోపలి జేబులో, గుండెకు ఆనించి దాచుకుంటారు. పూర్వం ఫిల్ము రోజుల్లో మరీ కష్టం. చలికి ఫిల్ము పెళుసెక్కి విరిగేది. తొందరగా తిప్పితే లోపల సన్నని విద్యుత్తు పుట్టి ఫొటో మీద మెరుపుల గీతలు పడేవి. ఇప్పటికీ చలిలోంచి కెమేరాను నేరుగా వెచ్చని గదిలోకి తెస్తే, గదిలోని తేమ దాన్ని పట్టి లోపలా బయటా చెమర్చిపోతుంది. అందుకే గడప దాటకముందే దాన్ని ఒక సంచిలో బిగించి, మెల్లగా వెచ్చబడనిస్తారు.

మంచు చేసే మోసం ఇంకొకటి. లోకమంతా ఒక మోస్తరు బూడిదరంగులో వుంటుందని కెమేరాలోని వెలుతురు కొలతకు నమ్మకం. తెల్లని మంచును చూసి, ‘అబ్బో, వెలుతురు ఎక్కువైంది’ అనుకుని తగ్గించేస్తుంది. ఫొటోలో మంచు కాస్తా మాసిన పంచెలా వస్తుంది. కనుక వెలుతురు కొంచెం పెంచాలి. మరీ పెంచితే తెల్లని మంచులో తెల్లని పక్షి ఈకలు కరిగిపోతాయి! ఆ నడిమి మార్గం పట్టుకోవడంలోనే ఫొటోగ్రాఫరు పనితనమంతా.

ముప్ఫైమూడు పక్షులు

ఇంతమంది ఫొటోలు తీస్తున్న ఈ పక్షి, ఒకప్పుడు జపానులో అంతరించిపోయిందనే అనుకున్నారు. పంతొమ్మిదో శతాబ్దం చివర వేట పెరిగింది. బురదనేలలు పొలాలైపోయాయి. 1924లో కుషిరో చిత్తడినేలలో పది పదిహేను పక్షులు కనిపించాయి. ప్రభుత్వం రక్షణ ప్రకటించింది కాని, చట్టం కడుపు నింపదు కదా! చలికాలంలో తిండి దొరక్క అవి పెరగలేదు.

1950లో, అకాన్ అనే చోట ఒక రైతు వేసిన మొక్కజొన్న గింజలను ఆ పక్షులు తిన్నాయి. 1952 చలికాలం ఉగ్రరూపం దాల్చినప్పుడు త్సురుయిలోనూ జనం గింజలు చల్లారు. బడిపిల్లలు కూడా చెయ్యి కలిపారు. యుద్ధం ముగిసి ఎన్నో ఏళ్ళు కాలేదు. ఆ రైతుల ఇళ్ళలో ధాన్యం పొంగిపొర్లుతున్న రోజులు కావవి. ఆ ఏడు లెక్కిస్తే తేలినవి 33 పక్షులు! ఇవాళ హొక్కాయిదోలో పదిహేను వందలకు పైగా వున్నాయి. వంతెన మీద నుంచి తీసే ప్రతి ఫొటో వెనుకా ఆనాటి గుప్పెడు మొక్కజొన్న గింజలున్నాయి.

అడుగు వెనక్కి

అయితే ప్రేమతో కూడా ప్రమాదం వుంది. చలికాలపు పక్షి పేదవాడి సంసారం లాంటిది. రాబడి తక్కువ, ఖర్చు ఎక్కువ. డిసెంబరులో అక్కడ పగలు తొమ్మిది గంటలే. ఆ కాసేపట్లో తిన్నదానితో పదిహేను గంటల రాత్రిని గడపాలి. ఇంకా దగ్గరి ఫొటో కోసం ఎవరో ఒకరు గట్టు దిగి నడిచారనుకోండి. పక్షి బెదిరి ఎగురుతుంది. అంత బరువైన ఒంటిని గాలిలోకి లేపడానికి అయ్యే ఖర్చు ఆ రాత్రి వెచ్చదనంలోంచే పోవాలి. మనకు ఒక ఫొటో పోతే రేపు మరొకటి దొరుకుతుంది. దానికి ఆ రాత్రే కావాలి.

అందుకే మంచి ఫొటోగ్రాఫరు వంతెన దాటడు, రైతుల పొలాల్లో కాలు పెట్టడు, కేకలు వేసి పక్షిని ఎగరగొట్టడు. దూరాన్ని కటకంతో దాటుతాడు, కాళ్ళతో కాదు.

గింజలు వేయడంలోనూ చిక్కు వచ్చింది. వందల పక్షులు ఒకేచోట గుమిగూడితే ఒకదానికి వచ్చిన జబ్బు అన్నిటికీ అంటవచ్చు. మనుషుల బెరుకు పోయి పశువుల పాకల్లోకీ, పొలాల్లోకీ వచ్చి పడుతున్నాయి. కనుక 2015 నుంచి జపాను పర్యావరణ శాఖ తన మేత కేంద్రాల్లో గింజలను కొద్దికొద్దిగా తగ్గిస్తూ వచ్చింది. పక్షులు చెదిరి, వేరే చోట్ల తమ తిండి తాము వెతుక్కోవాలని ఉద్దేశం. అలా చెదిరితే వంతెన దగ్గర కనిపించేవి తగ్గవచ్చు. ఫొటోలకు కొంత నష్టమే. తరతరాలుగా చేతితో పెట్టి పెంచిన వూరివాళ్ళకు మనసు ఒప్పుకోవడం ఇంకా కష్టం.

కాని ఈ నీతి ఆ పక్షులకు తెలియనిది కాదు. శీతాకాలమంతా తాన్‌చో దంపతులు తమ ఒకటి రెండు పిల్లల్ని మధ్యన పెట్టుకుని తిరుగుతాయి. పిల్లకు ఇంకా నెత్తిన ఎరుపు రాదు, మెడ గోధుమరంగులో వుంటుంది. చలికాలం చివర, మళ్ళీ గూడు కట్టే వేళకు, ఇన్నాళ్ళు నోటికి అందించిన తల్లీతండ్రీ ఆ పిల్లను ముక్కుతో తరిమివేస్తాయి. అది కొంత దూరం పోయి, వెనక్కి వచ్చి, మళ్ళీ తరిమించుకుని, చివరికి తనంత తాను ఎగిరిపోతుంది.

ఎండ ఎక్కుతుంది. కొమ్మల మీది పంచదార రాలిపోతుంది. క్రౌంచాలు ఒక్కొక్క కుటుంబంగా నది వదిలి, వంతెన మీదుగా పొలాల వైపు ఎగిరిపోతాయి. కెమేరాలు టకటకమంటాయి. వాటి మధ్య ఒకరిద్దరు మాత్రం కెమేరా వదిలి, తల ఎత్తి, వట్టి కళ్ళతో చూస్తూ నిలబడిపోతారు. ఆ రోజుకు అసలైన ఫొటో వాళ్ళకే దక్కిందేమో!