పసివారి ఎదుగుదల, పెద్దల సత్తువ: ఇంటిలోనే గమనించుట ఎట్లు?

మన తెలుగు ఇండ్లలో పసిబిడ్డ నేర్చిన ప్రతి విద్యకు ఒక పిండివంట కలదు. నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, పాకితే పాయసం, అడుగులు వేస్తే అరిసెలు, పలుకులు నేర్చితే పంచదార చిలకలు. పైకి ఇది ముచ్చటగా కనిపించినను, నిజమునకు బిడ్డ ఎదుగుదలను పరీక్షించు క్రమము. బొబ్బట్లు ఎప్పుడు పంచెదరని పొరుగువారు అడుగుదురు. అడుగులు ఆలస్యమైనచో అమ్మమ్మ ముందుగా కలత పడును.

అదే ఇంటిలో తాతగారు వీధి అరుగు దిగుట మానివేసిననాడు ఎవ్వరును లెక్క వ్రాయరు. మామ్మ మందుబిళ్ళలు తానే వేసికొనుట ఎప్పుడు మరచినదో ఎవ్వరును చెప్పలేరు. వచ్చెడి శక్తికి పండుగ ఉన్నది. పోయెడి శక్తికి పట్టిక లేదు. ఈ రెండు లెక్కలును ఒకే కొలతతో ఇంటిలోనే ఎట్లు గమనింపవలెనో పాఠకులకు తెలుపుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

నరసన్నపేటలో వైద్యము చేయుచున్న నా వద్దకు పోలాకి, జలుమూరు, సారవకోట, కోటబొమ్మాళి ప్రాంతముల నుండి చంటిబిడ్డలును, వయోవృద్ధులును వచ్చుచుందురు. వెంట వచ్చినవారు మొదట అడుగునది "ఏం జబ్బండి?" అని. నేను మొదట అడుగునది వేరు: "తమంతట తాముగా ఏయే పనులు చేసికొనుచున్నారు? నిరుడు ఇదే సమయమునకు ఏమి చేసెడివారు?" ఈ రెండు ప్రశ్నలకు సరియైన సమాధానము దొరికినచో వైద్యునికి సగము దారి తెలిసినట్లే.

ఆచార్యులు చూపిన కొలత

రోగిని పది విధములుగా పరీక్షింపవలెనని చరక సంహిత విమానస్థానము 8వ అధ్యాయము చెప్పుచున్నది. అవి ప్రకృతి, వికృతి, సారము, సంహననము, ప్రమాణము, సాత్మ్యము, సత్త్వము, ఆహారశక్తి, వ్యాయామశక్తి, వయస్సు. వీనిలో రోగమునకు సంబంధించినది వికృతి ఒక్కటే. తక్కిన తొమ్మిదియు మనిషిని గూర్చినవి. ఆహారశక్తిని తినగలిగిన పరిమాణమును బట్టియు, అరిగించుకొనగలిగిన తీరును బట్టియు తెలిసికొనవలెను. వ్యాయామశక్తిని చేయగలిగిన పనిని బట్టి తెలిసికొనవలెను. దేనినైనను ప్రవరము, మధ్యమము, అవరము అని మూడు తరగతులుగా విభజింపవలెను.

దేహమును చూచి మోసపోరాదనియు చరకుడు హెచ్చరించెను. చిక్కిన శరీరము గలవారందరు బలహీనులు కారు. చిన్న చీమ ఎంత బరువు మోయునో చూడుడని ఆయన దృష్టాంతము.

ప్రమాణ పరీక్షలో ఇంకొక విశేషము ఉన్నది. దేహపు పొడవు చరకుని లెక్కలో 84 అంగుళములు, సుశ్రుతుని లెక్కలో 120. లెక్కలు వేరైనను కొలబద్ద ఒక్కటే: ఎవరి వ్రేలితో వారిని కొలువవలెను. శక్తిని కొలుచుటకును ఇదియే సూత్రము. ఎదురింటి తాతగారు ఎనుబదవ ఏట పొలమునకు వెళ్ళుచున్నారని మన ఇంటి తాతగారిని నిందింపరాదు. ఆయనను ఆయన నిన్నటితోనే పోల్చవలెను.

బాల్యము: ఏ శక్తి ఎప్పుడు వచ్చును?

కౌమారభృత్యమునకు ఆధార గ్రంథము కాశ్యప సంహిత. నేపాళమున లభించిన ప్రతిని ఆధారముగా చేసికొని పండిత హేమరాజ శర్మగారి విపులమైన పీఠికతో 1938లో ఇది ముద్రితమైనది. ఏడాది నిండినను నడువని బిడ్డకు ఫక్కరోగమున్నదని ఈ గ్రంథము చెప్పును. తల్లిపాల దోషము వలన, పాలిచ్చు తల్లి మరల గర్భవతి యగుట వలన, ఇతర వ్యాధుల వలన కలుగునవని దానిని మూడు విధములుగా విభజించినది. చికిత్సలో భాగముగా బిడ్డకు నడక నేర్పుటకు మూడు చక్రముల బండిని చేయింపుమని కూడ చెప్పినది. మన ఇండ్లలో బిడ్డ నిలబడి త్రోసికొనుచు నడచెడి కొయ్యబండి దానికి బంధువే. బిడ్డను నడుమ కూర్చుండబెట్టెడి ప్లాస్టిక్ వాకరు మాత్రము దానికి సాటి రాదు. అది నడకకు తోడ్పడదు, ప్రమాదములకు కారణమగును. కెనడా 2004లో దాని అమ్మకమునే నిషేధించినది.

ఏడాది అను హద్దును నేటి పరిశోధన కొంత సడలించినది. భారతదేశముతో సహా ఐదు దేశముల ఆరోగ్యవంతులైన బిడ్డలను పరిశీలించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన అవధులు ఇవి:

ఆసరా లేకుండ కూర్చుండుట: 3.8 నుండి 9.2 నెలలు.
చేతులు, మోకాళ్ళ మీద పాకుట: 5.2 నుండి 13.5 నెలలు.
ఆసరా లేకుండ నిలుచుట: 6.9 నుండి 16.9 నెలలు.
తనంత తాను నడచుట: 8.2 నుండి 17.6 నెలలు.

కొందరు బిడ్డలు పాకకయే నడచుదురు. అది దోషము కాదు. నెలలు నిండక పుట్టిన బిడ్డకు రెండేండ్ల వరకు ప్రసవము కావలసిన తేదీ నుండి వయస్సు లెక్కింపవలెను. నాలుగు నెలలకు మెడ నిలుపకున్నను, పది నెలలకు కూర్చుండకున్నను, ఏడాదిన్నరకు నడువకున్నను, రెండేండ్లకు రెండు మాటలు కలిపి పలుకకున్నను వైద్యునికి చూపవలెను. వచ్చిన మాటగాని, నడకగాని తిరిగి పోయినచో ఒక్క దినమును ఆలస్యము చేయరాదు.

పోలాకి వైపు నుండి ఇరువది నెలల మగబిడ్డను నా వద్దకు తెచ్చిరి. "వీళ్ళ నాన్న కూడా లేటుగానే నడిచాడండి" అని నాయనమ్మ ధైర్యము చెప్పుచున్నది. అడుగగా, కూర్చుండుటయు ఆలస్యమే, పిలిచిన పలుకుటయు ఆలస్యమే. మలబద్ధకము, పొడిబారిన చర్మము కూడ ఉన్నవి. తైలమర్దనముతో కాలయాపన చేయక రక్తపరీక్షకు శ్రీకాకుళము పంపితిని. థైరాయిడ్ లోపము బయటపడినది. మాత్రలు ప్రారంభించిన కొన్ని నెలలకు నడక వచ్చినది, అరిసెలును పంచిరి. కాని మాట మాత్రము నేటికిని వయస్సుకు తగినట్లు లేదు. ఈ లోపము పుట్టిన తొలి వారములలోనే పట్టుబడి చికిత్స జరిగినచో మెదడు ఎదుగుదలను చాలవరకు కాపాడుకొనవచ్చును. ఆలస్యమున పోయినది మాత్రము తిరిగి రాదు. "వాళ్ళ నాన్న కూడా" అను మాట ఎంత ఖరీదైనదో తల్లిదండ్రులు గ్రహింపవలెను.

నడివయస్సు: నిశ్శబ్దముగా జరిగెడి ఖర్చు

పదియేసి ఏండ్లకు ఒక్కొక్క శక్తి తగ్గుచు వచ్చునని శార్ఙ్గధరుడు క్రమము చెప్పెను: బాల్యము, వృద్ధి, కాంతి, మేధ, చర్మము, దృష్టి మొదలగునవి. దీనిని విధివ్రాతగా కాక ముందస్తు హెచ్చరికగా తీసికొనవలెను. నలుబది దాటినవారు తమను తాము మూడు పనులతో పరీక్షించుకొనవచ్చును. బాసిపట్టు వేసికొని నేలమీద కూర్చుండి భోజనము చేయగలరా? చేతి ఊత లేకుండ లేవగలరా? రెండు బిందెల నీరు ఆయాసము లేకుండ తేగలరా? నిరుడు చేసినది ఈ ఏడు చేయలేకున్నచో కారణము వెదకవలెను. రక్తహీనత, మధుమేహము, మోకాలి నొప్పి, స్థూలత్వము తరచుగా కనిపించెడి కారణములు.

వ్యాయామము అర్ధశక్తితో చేయుమని వాగ్భటుడు చెప్పెను. నుదుట చెమట పట్టి, నోటితో గాలి పీల్చవలసివచ్చు సమయమున ఆపుట దానికి గుర్తు.

వార్ధక్యము: వచ్చిన దారినే వెనుకకు

అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరమున సిడ్నీ కాట్జ్ అను వైద్యుడు 1963లో ఆరు పనుల పట్టికను ప్రకటించెను: స్నానము, బట్టలు కట్టుకొనుట, మరుగుదొడ్డికి వెళ్ళివచ్చుట, మంచము నుండి లేచి కుర్చీలోనికి మారుట, మలమూత్రములపై అదుపు, తానే అన్నము తినుట. వ్యాధి నుండి కోలుకొనువారికి మొదట తిరిగివచ్చునవి తినుట, అదుపు. చివరకు వచ్చునవి బట్టలు, స్నానము. బిడ్డ నేర్చుకొను క్రమము కూడ ఇంచుమించు ఇదియే. పోవునప్పుడు సామాన్యముగా ఈ క్రమము తలక్రిందులగును. అనగా స్నానమునకు సాయము అడుగుట మొదటి గంట. ముద్ద నోటికి పోకుండుట చివరి గంట.

స్నానము కంటె ముందే చెదరెడి పనులు కొన్ని ఉన్నవి. వీనిని 1969లో లాటన్, బ్రోడీ అనువారు ఎనిమిదిగా లెక్కించిరి: ఫోను, బజారు, వంట, ఇంటిపని, బట్టలుతుకుట, ప్రయాణము, మందులు, డబ్బు లెక్క. చదువురాని పెద్దలను కాగితముపై పరీక్షించుట కష్టము. అందుచే హర్యానాలోని బల్లభ్‌గఢ్ గ్రామములలో పనిచేసిన పరిశోధకులు 1999లో ఇంటివారిని అడుగు ప్రశ్నావళిని ప్రకటించిరి. వచ్చిన కబురు చెప్పగలరా, ఊరిలో దారి తప్పుచున్నారా వంటి ప్రశ్నలు అందుగలవు. మన ప్రాంతమున ఇట్లు అడుగవచ్చును: శివరాత్రి తరువాత శ్రీముఖలింగములో చక్రతీర్థ స్నానమునకు ఏటేట వెళ్ళెడి మామ్మ ఈ ఏడు ఎందుకు మానినది? రథసప్తమి ఏనాడో ఆమెకు జ్ఞాపకమున్నదా?

శక్తులను విడివిడిగా చూడవలెను. పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో ప్రత్తిని ఏకి, వెంట్రుక వలె సన్నని నూలు వడికెడి వృద్ధ స్త్రీలున్నారు. అట్టివారికి నడక తగ్గినను వ్రేళ్ళ శక్తి ప్రవరముగనే ఉండవచ్చును. "ముసలిది" అను ఒక్క మాటతో ఆ వ్రేళ్ళను కొట్టివేయరాదు.

జలుమూరు వైపు నుండి వచ్చిన డెబ్బది రెండేండ్ల మామ్మ స్నానము మానివేసినదని కోడలు చెప్పినది. "వయసైపోనాది కదండి" అని కుమారుడు తేల్చివేసెను. మామ్మను వేరుగా కూర్చుండబెట్టి అడిగితిని. పెరటి బండపై తడి కనిపించుటలేదనియు, జారిపడుదునను భయముతో వెళ్ళుటలేదనియు మెల్లగా చెప్పినది. రెండు కన్నులలోను శుక్లములున్నవి. శస్త్రచికిత్స జరిగినది, బండ ప్రక్కన పట్టుకొనుటకు కొయ్య నాటిరి. ఇప్పుడు ఆమె స్నానమునకు ఎవరి సాయమును లేదు. పోయినది సత్తువ కాదు, చూపు. అడుగకున్నచో అది వయస్సు ఖాతాలో పడియుండెడిది.

ఇంటి పట్టిక

ఉగాదికి ఒకసారి, విజయదశమికి ఒకసారి గోడ క్యాలెండరు వెనుక పెద్దల పేర్లు వ్రాసి, పై ఆరు పనులను, ఎనిమిది పనులను వరుసగా వ్రాయుడు. ఒక్కొక్క పని యెదుట "స్వయముగా", "సాయముతో", "చేయలేరు" అను మూడింటిలో ఒకటి వ్రాయుడు. మగవారు ఎన్నడును వంట చేయనివారైనచో ఆ పనిని వదలివేయుడు. ఎవరి వ్రేలితో వారినే కొలువవలెను గదా!

నడకకు 1991 నాటి సులభ పరీక్ష ఒకటి కలదు. చేతులుగల కుర్చీ నుండి లేచి, 3 మీటర్లు మామూలు నడకతో వెళ్ళి, తిరిగివచ్చి కూర్చుండవలెను. 12 సెకండ్లు అంతకు మించినచో పడిపోవు ప్రమాదమున్నదని గ్రహించి వైద్యుని చూడవలెను. పరీక్షించునప్పుడు ఒకరు ప్రక్కనే నిలువవలెను.

నెలల తరబడి మెల్లగా తగ్గినచో చూపు, వినికిడి, కీళ్ళు, నిద్రమాత్రలు, బి12 లోపము, థైరాయిడ్, మనోవ్యథ వీనిని వెదకవలెను. రెండు మూడు దినములలో తికమక కలిగినచో మూత్రకోశపు వాపు, జ్వరము, నీరు తగ్గుట కారణములు కావచ్చును. క్షణములలో మూతి వంకర, చేయి పడిపోవుట, మాట తడబాటు కలిగినచో అది పక్షవాతము. నూనెలు, పసరులు వెదకక వెంటనే 108కి ఫోను చేసి పెద్ద ఆసుపత్రికి చేర్చవలెను. గడ్డకట్టిన రక్తమును కరిగించు సూది సామాన్యముగా నాలుగున్నర గంటలలోపుననే వేయుదురు.

ఇంటి వైద్యము, దాని హద్దు

కారణము తెలిసిన పిమ్మట ఇంటి వైద్యము మిక్కిలి ఉపకరించును. గోరువెచ్చని నువ్వుల నూనెతో వారమునకు రెండు మూడు సార్లు అభ్యంగనము పెద్దల కీళ్ళకు హితము. జ్వరము, అజీర్ణము ఉన్నప్పుడు చేయరాదు. మన చోళ్ళలో నూరు గ్రాములకు 300 మిల్లీగ్రాములకు పైగా సున్నము కలదు. చోడి జావ బిడ్డలకును, పెద్దలకును మంచిది. పెసరకట్టు, పాలు, గ్రుడ్డు కండకు బలము. కుర్చీ నుండి లేచి కూర్చుండుట పెద్దలకు మంచి వ్యాయామము. ఏడాది లోపు బిడ్డకు తేనె నాకింపరాదు. చెవులలో, ముక్కులో నూనె పోయరాదు.

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద పుట్టుక నుండి 18 ఏండ్ల వరకు బిడ్డల ఎదుగుదలను ఉచితముగా పరీక్షింతురు. అంగన్‌వాడీలో ఇచ్చు తల్లీబిడ్డల కార్డులో కూడ ఎదుగుదల మెట్లు ముద్రింపబడియున్నవి. టీకాల తేదీలతో పాటు వానిని కూడ చదువుడు. వృద్ధులకు సలహా కొరకు 14567 అను ఉచిత ఫోను సౌకర్యము కలదు.

మందు ఏదియో నిర్ణయించుట వైద్యుని పని. ఏ శక్తి ఎన్నడు వచ్చినదో, ఎన్నడు తగ్గినదో చెప్పగలిగినది మాత్రము ఆ ఇంటివారే. ఈ ఉగాదికి పచ్చడితో పాటు ఆ పట్టిక కూడ సిద్ధము చేయుడు.